సోఫా మీద సెలవు

డిసెంబరు ఆఖరి వారంలో టీవీకి తగిలించి ఆడే ఆటల పెట్టె మా మేడమ్‌కి ఏడాది చిట్టా పంపించింది. ఏ ఆట ఎన్ని గంటలు ఆడారు, ఏ నెలలో ఎక్కువ ఆడారు, రోజులో ఏ వేళప్పుడు ఆడారు, అన్నీ రంగురంగుల బొమ్మలుగా పెద్ద టీవీ మీద ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. చివర్లో ఒక కిరీటం దిగి మేడమ్ పేరు మీద కూర్చుంది. మేడమ్ చప్పట్లు కొట్టింది. నేను ఖర్జూరాల పళ్ళెం పట్టుకుని సోఫా వెనకాల నిలబడి ఉన్నాను. ఆ గంటల్లో ముప్పాతిక వంతు నావి.

సౌదీలోని అల్ ఖర్జ్‌లో ఆ ఇంట్లో పనికి చేరి అప్పటికి రెండేళ్ళు కావస్తోంది. ఫిబ్రవరితో కాంట్రాక్టు నిండుతుంది, నిండగానే నెల రోజులు సెలవు ఇస్తామని మేడమ్, ఆమె భర్త ఇద్దరూ మాటిచ్చారు. ఆయన్ని అందరిలాగే నేనూ బాబా అనేదాన్ని. మార్చిలో మా అమ్మాయికి ఇంటర్ రెండో ఏడాది పరీక్షలు. మా అక్క ఇంట్లో ఉండి చదువుకుంటోంది. పదో తరగతి పరీక్షలప్పుడు నేను ఇక్కడే బాత్రూములు కడుగుతున్నాను. ఈసారి పరీక్షలన్ని రోజులూ పక్కనుండి వండిపెడతానని దానికి చెప్పాను. ఆ ఏడాదంతా నేను బతికింది ఆ ఒక్క మాట మీద.

ఆట సంగతి చెప్పాలి. కిందటి జనవరిలో మేడమ్ కొత్త కన్సోల్ కొనుక్కుంది. ఆమెకు చిన్నప్పటి నుంచీ ఆటల పిచ్చి, అందులో నాకేమీ తప్పు కనిపించలేదు. ఆ పెట్టెలో ఆమెకు బాగా నచ్చినది పొలం ఆట. ఒక పల్లె ఉంటుంది. ఆవులకు మేత వెయ్యాలి, మళ్ళకు నీళ్ళు పెట్టాలి, చెట్లు నరికి కట్టెలు పోగెయ్యాలి. ఒక్కరోజు మానేస్తే ఆవులు నీరసిస్తాయి, రోజూ వచ్చే బహుమతుల వరుస తెగిపోతుంది. మేడమ్‌కి పొద్దున్నే ఆఫీసు. ఒకరోజు కంట్రోలర్ నా చేతిలో పెట్టి నాలుగు బటన్లు చూపించింది. రెండు గంటల పనే, తివాచీలు అయ్యాక చేసెయ్ అంది. ఫ్రిజ్ మీద నా పనుల కాగితం ఒకటి అంటించి ఉండేది. అందులో తివాచీలకీ ఇస్త్రీకీ మధ్య ఇంగ్లీషులో 'ఆవులకు మేత' అని తన చేత్తోనే రాసింది.

పక్కింట్లో పనిచేసే కడప ఆవిడకు చెత్త డబ్బా దగ్గర ఈ సంగతి చెబితే కడుపు పట్టుకుని నవ్వింది.

"ఏం పుణ్యం చేసుకున్న్యావమ్మే, ఆటాడేదానికి జీతమిస్తాండారు నీకు."

పుణ్యం ఎంతటిదో నా బొటనవేలికి తెలుసు. ఒక చెట్టు పడాలంటే అదే బటన్ ముప్పైసార్లు నొక్కాలి. రోజుకు నలభై చెట్లు. వేలు వాచి, తుడుపుగుడ్డ పిండుతుంటే ప్రాణం పోయేది. ఆ రెండు గంటలకు బదులు ఏ పనీ తగ్గలేదు. ఇస్త్రీ మధ్యాహ్నం నుంచి సాయంత్రానికి జరిగింది, నా భోజనం పన్నెండు నుంచి మూడుకి జరిగింది. శుక్రవారాలు మేడమ్ వాళ్ళ అమ్మగారింటికి వెళుతుంటే కారులో నన్నూ తీసుకెళ్ళేవారు. దారి పొడుగునా డైరీ షెడ్లు, ఫ్యాన్ల కింద, నీటి తుంపర్ల కింద వేలకు వేలు నిజం ఆవులు. బాబా ఉద్యోగం ఆ డైరీలలో ఒకదాని ఆఫీసులోనే. ఊరి చుట్టూ అన్ని ఆవులు ఉండగా నేను టీవీలో ఆవులకు గడ్డి వేస్తున్నాను. ఎవరికి చెప్పినా నవ్వుతారు, నాకు మాత్రం ఒళ్ళు మండేది.

ఆటలో వరి చూసి ఇంకా మండింది. గోదావరి కాలువ కింద పుట్టిన దాన్ని. ఆ ఆట చేసిన మహానుభావుడెవరో వరిని కుండీల్లో మొక్కల్లాగా ఎండు గళ్ళల్లో పెట్టాడు. మడికి గట్టు లేదు, నిలిచే నీళ్ళు లేవు, పైమడి నుంచి కిందమడికి పారే దారి లేదు. నాలుగు రోజులు ఓర్చుకున్నాను. అయిదో రోజు ఆటలో మేడమ్ దాచుకున్న రాళ్ళన్నీ తీసి ఏటి నుంచి కాలువ తవ్వాను, గట్లు వేశాను, గట్టు వెంట కొబ్బరి చెట్లు నాటాను. మళ్ళు మెట్లుమెట్లుగా దిగి నీళ్ళు మెరుస్తుంటే, నిజం చెబుతున్నాను, నా కడుపు నిండింది. ఆ రోజు భోజనం సంగతే మర్చిపోయాను. ఆ తర్వాత పొద్దున పది ఎప్పుడవుతుందా అని ఎదురుచూసిన రోజులు కూడా ఉన్నాయి. ఈ ముక్క ఆ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏమవుతుందో నాకు ముందే అనుమానం.

రాళ్ళు ఖర్చయ్యాయని మేడమ్ మొదట అరిచింది. తర్వాత ఆమె స్నేహితురాళ్ళు, వాళ్ళ వాళ్ళ ఇళ్ళ నుంచే ఆ పల్లె చూడటానికి వచ్చారు. ఆటలో అలా రావచ్చు. కాలువ చూసి మెచ్చుకున్నారట. ఒక గురువారం సాయంత్రం అందరూ ఇంటికే వచ్చి, ఈ ఆలోచన నీకెలా వచ్చిందని మేడమ్‌ని అడిగారు. చాలా చదివానని చెప్పింది మేడమ్. నేను గావా, అంటే వాళ్ళ కాఫీ, పోస్తున్నాను. ఒక కప్పు పొంగి పళ్ళెంలో పడింది, చూసి పొయ్యమని నన్నే కసిరింది. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఏమిటో ఆ సాయంత్రం నాకు బాగా అర్థమైంది. అయినా నోరు మూసుకున్నాను. ఫిబ్రవరి వస్తోంది, పేరు ఎవరికి పోతే నాకేమిటి అనుకున్నాను.

అలాంటి సమయంలో వచ్చింది ఆ చిట్టా. కిరీటం చూసి మేడమ్ మురిసిపోతుంటే, పిల్లల్ని పడుకోబెట్టి వచ్చిన బాబా ఒక్క బొమ్మ దగ్గర ఆగిపోయాడు. ఆటంతా పనిరోజుల్లో, పొద్దున పది నుంచి పన్నెండు మధ్యే ఎక్కువ జరిగిందని ఆ బొమ్మ చెబుతోంది. ఆ వేళకు నువ్వు ఆఫీసులో ఉంటావు కదా, ఎవరు ఆడారు అని అడిగాడు. మేడమ్ నావైపు చూసింది. ఆమె అబద్ధం చెప్పలేదు. 'నేను చెప్పాను కాబట్టి ఆడింది' అనాల్సిన చోట, 'అది ఆడుతూ ఉంటుంది' అంది. అంతే. మిగిలిన సగం మింగేసింది.

వంటింట్లోకి వెళ్ళి ఫ్రిజ్ మీది కాగితం ఊడదీసి తెచ్చి బాబాకి ఇచ్చాను. చదివాడు, తల ఎత్తి, ఏ ఆవులు అని నవ్వాడు. నాకు వచ్చిన అరబిక్‌లో, అది ఆట కాదు బాబా, నాకు పెట్టిన పని అని చెప్పాను. ఆయన కాగితం మడిచి బల్ల మీద పెట్టాడు.

"ఏసీలో, సోఫా మీద, టీవీ ముందు. ఇది పనా? నీ సెలవు ఏడాదంతా ఇక్కడే తీసుకున్నావు."

మార్చిలో వద్దు, పండుగ అయ్యాక చూద్దాం అన్నాడు. పిచ్చికుక్క అని ముద్ర వేసి చంపినట్టుంది వ్యవహారం. అసలు కారణం నాకు తెలుసు. ఈసారి రంజాన్ ఫిబ్రవరిలోనే మొదలై మార్చిలోకి నడుస్తోంది. రోజూ ఇఫ్తార్‌కి ఇరవై మంది వస్తారు, సమోసాలు చుట్టడానికి నేను కావాలి. ఆ మాట సూటిగా చెబితే ఇచ్చిన మాట తప్పినవాడవుతాడు. అదే నేను ఆడుకున్నానని సాకు పెడితే తప్పు నాదవుతుంది. మేడమ్ టీవీ ఆపేసి లోపలికి వెళ్ళిపోయింది.

అమ్మాయికి ఫోన్‌లో ఎలా చెప్పాలో తెలియక, కొంచెం ఆలస్యమయ్యేలా ఉంది అన్నాను.

"పదో తరగతప్పుడూ నువ్వు లేవు కదమ్మా. పోన్లే, పెద్దమ్మ వండుద్దిలే."

ఏడ్చి ఉంటే సముదాయించేదాన్ని. అది పోన్లే అంది. ఆ మాటకు వచ్చినంత కోపం నాకు జన్మలో రాలేదు.

మర్నాడు తివాచీలు చేశాను, ఆ తర్వాత ఇస్త్రీ చేశాను. కంట్రోలర్ ముట్టుకోలేదు. సాయంత్రం మేడమ్ వచ్చి ఆవులు చూశావా అని అడిగితే, అది పని కాదని బాబా అన్నారు కదా మేడమ్ అన్నాను. చాలా వినయంగా అన్నాను. రెండోరోజు బహుమతుల వరుస తెగింది. నాలుగో రోజుకు ఆవులు కూలబడ్డాయి. అప్పటి నుంచి మేడమ్ ఆఫీసు నుంచి వచ్చి, పైన తొడుక్కున్న నల్ల అబాయా కూడా విప్పకుండా సోఫాలో కూర్చుని చెట్లు నరికేది, పదిహేను నిమిషాలకే బొటనవేలు రుద్దుకునేది. నేను చూస్తూ బట్టలు మడతపెట్టేదాన్ని. నా మళ్ళు నెర్రెలు విచ్చాయి. అవి చూడటం నాకూ కష్టంగానే ఉండేది. ఎవరి పొలమని తడుపుతాను అని మనసు రాయి చేసుకున్నాను.

పదిరోజులు గడిచాయి. స్నేహితురాళ్ళు మళ్ళీ పల్లె చూడటానికి వస్తామన్న రోజు దగ్గరపడింది. ఒక సాయంత్రం గది తలుపు వేసుకుని మొగుడూ పెళ్ళాలిద్దరూ చాలాసేపు గట్టిగా మాట్లాడుకున్నారు. ఆడమని తనే చెప్పానని ఆమె ఒప్పుకున్నట్టుంది. ఆ ఒప్పుకోవడం నా కోసం కాదు, ఆవుల కోసం. మర్నాడు బాబా నా ముఖం చూడకుండానే, ఫిబ్రవరి ఆఖరున వెళ్ళు, ఇఫ్తార్లకు మా చెల్లెలి ఇంటి పనిమనిషిని పిలుచుకుంటాం అన్నాడు. పొరపాటయింది అని ఒక్కరూ అనలేదు. నేను మళ్ళీ కంట్రోలర్ పట్టుకున్నాను. మళ్ళు పచ్చబడ్డాయి, స్నేహితురాళ్ళు వచ్చారు, మేడమ్ మళ్ళీ మెప్పులు అందుకుంది.

సెలవుకి దేశం దాటి వెళ్ళి తిరిగి రావడానికి ఇచ్చే కాగితం, ఎగ్జిట్ రీ-ఎంట్రీ, పడిన మర్నాడు పెట్టె సర్దుకుంటున్నాను. అమ్మాయికి ఖర్జూరాలు, అక్కకు అత్తరు, ఒక దుప్పటి. మేడమ్ గదిలోకి వచ్చి మంచం మీద కూర్చుంది. ఎప్పుడూ అలా కూర్చోలేదు. నా ఫోన్ అడిగి తీసుకుని కాసేపు ఏదో నొక్కి తిరిగి ఇచ్చింది. చూస్తే అందులో ఆటలోని మా పల్లె ఉంది, కాలువ, కొబ్బరి చెట్లు, అన్నీ ఉన్నాయి. ఆ ఆట ఫోన్‌లో కూడా ఆడొచ్చట.

"రోజుకి అరగంట చాలు, ఆవులు చచ్చిపోకుండా. నీకూ ఇష్టమే కదా?"

ఇంటికి వెళ్ళినా వదలదా ఈ మనిషి అనిపించింది. నాకు ఇష్టమని ఈమెకు ఎప్పటి నుంచి తెలుసు? తెలిసే ఆ రోజు, అది ఆడుతూ ఉంటుంది, అని ఊరుకుందా? నేను ఒక్కదాన్నే దాచుకున్న ఆ కాస్త సంతోషాన్ని కూడా బయటికి లాగి పనుల కాగితంలో రాసేసినట్టనిపించింది.

"ఇష్టమే మేడమ్. కానీ అక్కడ ఆడను."

ఆమె నమ్మలేనట్టు చూసింది. ఎవరైనా సెలవులోనే కదా ఆడుకుంటారు అంది. నిజంగానే అర్థంకాక అడిగింది. నేను దుప్పటి మడతపెట్టాను. కాసేపు కూర్చుని లేచి వెళ్ళిపోయింది.

అంత గట్టిగా అనగలిగింది నా ధైర్యం వల్ల కాదు. ఎగ్జిట్ కాగితం ముందురోజే వచ్చేసింది, అన్నాళ్ళూ వాళ్ళ దగ్గరే ఉన్న పాస్‌పోర్టు నా చేతిసంచిలో ఉంది. అదే మాట రెండురోజుల ముందు అడిగి ఉంటే తప్పకుండా తల ఊపేదాన్ని. నా కూతురు పరీక్షకు వెళ్ళే పొద్దున దాని కంచంలో అన్నం పెట్టి, పక్కనే కూర్చుని, దాని ముఖం చూడకుండా ఫోన్‌లో ఆవులకు మేత వేసేదాన్ని. ఆ సంగతి మేడమ్‌కి తెలియదు, నాకు తెలుసు. విమానం ఎక్కాక కూడా నా కోపం తగ్గలేదు.