దస్తీ వేసిన వెలుతురు

రీసెర్చ్ సీటుకు ఇంటర్వ్యూ నారాయణఖేడ్‌లో మా ఇంట్లోనే, ల్యాప్‌టాప్ ముందు జరిగింది. తెర మీద ముగ్గురు, అందరిదీ ఇంగ్లీషే. మధ్యలో ఉన్న మేడం అడిగింది: "రెండు టార్చిలైట్ల వెలుతురు ఎదురుపడితే ఏమవుతుంది?"

"ఏమీ కాదు. ఒకదాన్నొకటి దాటి పోతాయి."

"మరి అలాంటి వెలుతురుతో, ఒకదాన్నొకటి తోసుకునే ఎలక్ట్రాన్ల గుంపును ఎలా అనుకరిస్తావు?"

నేను చేరాలనుకున్న పనే అది. పదార్థంలో ఎలక్ట్రాన్లన్నీ కలిసి ఏం చేస్తాయో లెక్కకట్టడానికి పెద్ద కంప్యూటర్లూ చాలవు. అందుకే అవే నియమాలతో నడిచే కాంతి కణాల గుంపును తయారుచేసి, దాన్ని చూసి తెలుసుకోవాలి. ఎలాగో డైరీలో ఎన్నోసార్లు రాసుకున్నాను. నోరు మాత్రం పెగలలేదు. కొత్తవాళ్ల ముందు ఎప్పుడూ ఇంతే. ఈ సీటు పోతే బీఈడీలో చేరాలని ఇంట్లో అనుకున్నదే.

తలుపు దగ్గర కందులు చెరుగుతున్న వదిన ఆగలేకపోయింది. "ఏందే, గట్ల గుడ్లప్పగించి చూస్తవ్? పొద్దుగాల నాకు చెప్తివి గద, బస్సు, దస్తీ అని. గదే చెప్పు!"

మైకు ఆన్‌లోనే ఉంది. బస్సూ, చేతిరుమాలూ ఆ ముగ్గురికీ వినబడిపోయాయి.

"బస్సేంది? దస్తీ ఏంది?" అంది మేడం, అచ్చం మా వైపు తెలుగులో.

ఇన్నాళ్లూ ఆమె మెయిళ్లన్నీ ఇంగ్లీషులోనే వచ్చాయి. నేను తెర వైపూ, వదిన వైపూ మార్చి మార్చి చూశాను.

"ఆమెకే చెప్పు. నేను వింట," అంది మేడం.

వదిన వైపు తిరిగాను. "బీదర్ బస్సు వచ్చి ఆగంగనే కిటికీలకెళ్లి సీటు మీద దస్తీ ఏస్తరు గద వదినా. బాగా చల్లబరిచిన పరమాణువుల గుంపు ఆ బస్సు అనుకో. ముందొచ్చిన వెలుతురు కణం ఒక పరమాణువును ఉబ్బిస్తది. అది ఉబ్బితే చుట్టుపక్కల ఇంకోటి ఉబ్బరాదు. దస్తీ ఏసినట్టే. ఎన్క వచ్చిన కణానికి ఆడ జాగ లేదు."

"ఇగ కొట్లాటే!" అంది వదిన.

"ఆ కొట్లాటే కావాలె!" నా గొంతు అంత పెద్దగా రావడం నేనే ఎన్నడూ వినలేదు. "ఎన్నడూ కొట్లాడని వెలుతురు గప్పుడు కొట్లాడుతది."

వదిన నవ్వింది. మేడం నవ్వలేదు. "దస్తీ ఏ సీటు మీదుంది?"

ముందు సీటు అనబోయి ఆగిపోయాను. ఏ పరమాణువు ఉబ్బిందో చెప్పలేం. ఆ ఒక్క ఉబ్బు గుంపు మొత్తానికీ ఉమ్మడి. పుస్తకంలో చదివిందే. కానీ నేను రోజూ ఎక్కే బస్సులో అది ఇప్పుడే కళ్లకు కట్టింది.

"ఒక్కటే దస్తీ మేడం. అన్ని సీట్ల మీదా ఉంది. ఇక్కడ నా బస్సు పనికిరాదు."

"పనికిరాదు. ఏడిదాకా పనికొస్తదో నీకే తెలిసింది గద, అది చాలు. వారం వారం మా ముందట నిలబడి గిట్లనే చెప్పాలె. చెప్తవా?"

"చెప్తా." ఆ మాట ఎవరన్నారా అనిపించింది.

"అయితే వచ్చే నెల వచ్చి చేరు."

తెర ఆరిపోయింది. వదిన చాట వదిలేసి లోపలికి ఉరికింది. "అత్తమ్మా, జల్దీ రా! గిది మాట్లాడింది!"