రెండూ ఒకటి కావు

ఏ రెండింటినైనా ఒకటే అంటే అన్నయ్య ఒంటికి పడదు. రెండు చెంచాలు చేతికిస్తే, వాటి తేడా తేల్చేదాకా కాఫీలో చక్కెర కలపడు. మ్యూజియంలో నత్తగుల్లలను జాతులవారీగా విడదీసి పేర్లు పెట్టే ఉద్యోగం ఆయనది. ఒక సొరుగులో సర్దమన్న గుల్లలతో బీరువా అంతా నింపేసి పై అధికారి చేత చీవాట్లు తిన్న ఘనుడు.

"ఒక్క తల్లి పిల్లలేనమ్మా," అని చెల్లెలికి వివరించేవాడు. "మధ్యలో ఏరు అడ్డం పడింది. అటువి అటు, ఇటువి ఇటు ఉండిపోయాయి. తరాలు గడిచేకొద్దీ కొంచెం కొంచెం మారి, ఇప్పుడు పక్కపక్కన పెట్టినా జత కట్టవు. వేరే జాతి అనక ఏమంటాం?"

నత్తలకు లేని పట్టింపు నీకెందుకని ఆమె నవ్వేది.

ఆమెకు కవల ఆడపిల్లలు. కన్నతల్లే ఒక్కోరోజు ఒకదానికి రెండుసార్లు స్నానం చేయించి, రెండోదాన్ని వదిలేసేది. మామయ్య మాత్రం గుమ్మంలోంచి వీపు చూసి ఎవరో చెప్పేసేవాడు. పిల్లలు గౌన్లు మార్చుకుని, గొంతులు మార్చి ఎన్ని వేషాలు వేసినా ఆయన దగ్గర పప్పులు ఉడకలేదు.

వానాకాలంలో జ్వరం వచ్చి పెద్దది పోయింది.

పలకరించడానికి వచ్చినవాళ్లంతా ఒకే మాట అన్నారు. అదే ముఖం, అదే పోలిక, చిన్నదాన్ని చూసుకుని గుండె దిటవు చేసుకోమన్నారు. ఆ మాటలు చిన్నది కూడా విన్నది. మర్నాటి నుంచి అక్కలా పాపిడి పక్కకు తీసుకుంది, అక్కలా కాళ్లీడ్చి నడిచింది. తనకు బొత్తిగా గిట్టని పాలమీగడ అక్కలా వేళ్లు నాకుతూ తిన్నది. తల్లికి తెలుస్తూనే ఉంది. తెలిసీ వద్దనలేకపోయింది. ఆ అడుగుల చప్పుడు కోసం కళ్లు మూసుకుని కూర్చునేది.

నెలాఖరుకు అన్నయ్య మళ్లీ వచ్చాడు. పిల్ల కాళ్లీడ్చుకుంటూ మంచినీళ్లు తెచ్చింది. ఆయన గ్లాసు అందుకోలేదు.

"ఇది అక్క నడక. నీది ఏదమ్మా?"

పిల్ల బిక్కమొహం వేసి తల్లి వైపు చూసింది. చెల్లెలికి ఒళ్లు మండింది.

"నాకు మిగిలింది ఆ చప్పుడొక్కటే అన్నయ్యా. అదీ ఉంచవా?"

"ఇద్దరూ ఒకటే అనుకుంటే నీకు ఇద్దరూ పోతారమ్మా," అన్నాడాయన. "పోయినది నవ్వొస్తే ముందు ముక్కు మూసుకునేది. అలాంటిది ఇంకొకటి లేదు. దానికోసం ఏడుద్దాం. ఇది అది కాదు. దీన్ని దీనిలా ఉండనిద్దాం."

ఆమె చిన్నదాన్ని ఒళ్లోకి లాక్కుని, పెద్దదాన్ని పేరుపెట్టి పిలుస్తూ ఏడ్చింది. అంతమంది ఓదార్చినా అప్పటిదాకా రాని ఏడుపు అది.

మర్నాడు పొద్దున చిన్నది నడినెత్తిన పాపిడి తీసుకుంది. మీగడ గిన్నె పక్కకు నెట్టేసి, రెండు చొక్కా గుండీలు తెచ్చి మామయ్య ముందు పెట్టింది.

"ఇవి మాత్రం ఒకటే మామయ్యా."

ఆయన జేబులోంచి భూతద్దం తీసి, గుండీలను అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూశాడు.

"దగ్గరి చుట్టాలే," అన్నాడు, అంతకుమించి ఒప్పుకోవడం తన వల్ల కాదన్నట్టు.

వంటగదిలో చెల్లెలికి తడికళ్లతోనే నవ్వొచ్చింది. ఆయన కాఫీతో పాటు ఒక్క చెంచానే పంపింది.