రమణి కట్టని చీర

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు, భయమూ లేదు. అద్దె తక్కువని హైదరాబాద్‌లో శ్మశానం పక్క అపార్ట్‌మెంట్‌లో ఏళ్ల తరబడి ఉన్నవాణ్ణి.

సిటీ వదిలేసి నర్సీపట్నం దగ్గర ఇల్లు, కొంచెం జీడితోట కొనుక్కుని గేదెను పెంచాలన్నది నా భార్య రమణి కోరిక. నాది కాదు. సామాను సర్దే లోపే జ్వరంతో ఆసుపత్రికి వెళ్లింది, తిరిగి రాలేదు. ఇల్లు అప్పటికే కొనేశాం కాబట్టి ఒక్కణ్ణే వచ్చాను. ఏడవలేదు. నాకు ఏమీ అనిపించేది కాదు.

కోటవురట్ల వైపు నుంచి పాడిగేదెను తెచ్చాను. దూడ కుడిస్తే పాలు చేపేది, నేను పితకడానికి కూర్చోగానే బిగబట్టేది. దాన్ని పెంచిన పైడమ్మగారికి ఫోన్ చేశాను.

"ఆడోళ్ల సెయ్యి అలవాటు బాబూ దానికి. కోక సుట్టుకుని కూకో," అంది.

ఇక్కడ అది మామూలేనట. పక్కింటావిడ పాత చీర అడిగి చుట్టుకున్నాను. ఒక్క తాపు తన్నింది, బకెట్ పాక బయట పడింది. ఇక ఈ వేషాలు చాలు, హైదరాబాద్ వెళ్లిపోదామనుకున్నాను. వచ్చి గేదెను తోలుకుపొమ్మని పైడమ్మగారికి చెప్పాను.

ఆమె వచ్చే రోజు పొద్దున, ఆఖరి ప్రయత్నం చేసి చూద్దామని పెట్టెలోంచి రమణి నూలు చీర తీశాను. పల్లెలో పనికి ఉంటుందని కొన్నది. ఒక్కసారీ కట్టలేదు. అంచుకు షాపు చీటీ అలాగే ఉంది.

అది చుట్టుకుని కూర్చోగానే, దూడను విప్పకముందే గేదె పాలు చేపింది. బకెట్ సగానికి వచ్చాక మెడ చాచి, నా భుజం పక్కన ఎవరూ లేని చోట నెమ్మదిగా నాకసాగింది.

పాక బయట పైడమ్మగారు నిలబడి ఉంది.

"నాను పాలు తీసినపుడు నా సెయ్యి అలాగే నాకేది. అక్కడెవులున్నారు బాబూ?"

"ఎవరూ లేరండీ," అన్నాను.

ఆమె గేదెను తోలుకుపోలేదు.

కొత్త బట్ట వాసనకేమోనని, అలాంటిదే ఇంకో చీర నర్సీపట్నంలో కొని చుట్టుకున్నాను. తన్నింది. మళ్లీ రమణి చీర కట్టాను, పాలిచ్చింది. పశువుల డాక్టరుగారికి చెబితే నవ్వి ఊరుకున్నారు. ఆయన్నేం అంటాం. ఇది ఏమిటో ఇప్పటికీ నాకూ తెలియదు.

గేదె అలా నాకిన ఆ పొద్దున మాత్రం నాకు భయం వేయలేదు, కోపం వచ్చింది. కాపురం చేసింది నాతో, కనిపించింది గేదెకి. రమణి పోయాక నాకు ఏదైనా అనిపించడం అదే మొదటిసారి.