ఆంక్షల మీద సిట్టింగ్

ఫిల్మ్‌నగర్‌లోని మా కథల ఆఫీసులో కథ ముందుకు కదలని రోజుల్లో దర్శకుడూ నిర్మాతా ప్రపంచాన్ని బాగుచేసేవారు. ఆ వారం వాళ్ల నోట పడింది, మనవాళ్లను ఉద్యోగాల పేరుతో తీసుకెళ్లి ఫోన్లలో మోసాలు చేయించే విదేశీ ముఠా.

ముఠా మీదే కాదు, దానికి నీడనిస్తున్న ప్రభుత్వం మీద కూడా ఆంక్షలు పెట్టాలన్నాడు దర్శకుడు. అక్కడ ఒక్క విమానం దిగకూడదట. నిర్మాత ఒప్పుకోలేదు. ఆంక్షలతో మాడేది కూలీనాలీ జనమేననీ, ముఠావాడికి కావలసినవి పక్క దేశం నుంచి వస్తూనే ఉంటాయనీ అన్నారు. తన పాటల షూటింగు ఆ దేశంలోనే పెట్టుకున్నారని నాకు తెలుసు. అయినా ఆయన మాటలో అబద్ధం లేదు. నాకు ఒళ్లు మండింది అందుకే.

వాళ్లకు టీ అందిస్తున్న ఆవిడ తమ్ముడు ఆ ముఠా చేతిలోనే ఉన్నాడు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. ఆ అక్కాతమ్ముళ్లది బోరబండ బస్తీ. అతను నేను రాసిన డైలాగులకు డబ్బింగ్ చెప్పేవాడు. ఇక్కడ పనులు తగ్గాక, గొంతుతో చేసే ఉద్యోగమంటే నమ్మి వెళ్లాడు. ఆవిడ ట్రే పట్టుకుని అక్కడే నిలబడి అడిగింది.

"తలుపులన్నీ మూస్తే మా తమ్ముడు ఎట్ల వస్తడు సార్? మూయకుంటే వాళ్లు ఇడుస్తరా?"

ఇద్దరూ కప్పులు ట్రేలో పెట్టేశారు. మా కథలో విలన్ గురించి మొదలుపెట్టారు. నేనూ కాగితం ముందుకు లాక్కున్నాను.

మర్నాడు మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా నాకు ఫోన్ వచ్చింది. తాను పోలీసు అధికారిననీ, నా పేరు మీద వచ్చిన పార్సిల్లో మత్తుమందు దొరికిందనీ ఒక గంభీరమైన గొంతు. పెద్ద డైలాగుకు ముందు ముక్కుతో ఊపిరి లాగే ఆ అలవాటు వినగానే ఆవిడ తమ్ముడని పోల్చుకున్నాను. పట్టుకెళ్లినవాళ్ల చేత వాళ్ల సొంత ఫోన్లలోని నంబర్లన్నిటికీ కాల్స్ చేయిస్తారని విని ఉన్నాను.

"తమ్ముడూ, నువ్వేనా?" అన్నాను.

అతను ఆగాడు. డబ్బింగ్ థియేటర్లో మాట తడబడినప్పుడు చేసినట్టే, మళ్లీ మొదటి లైను నుంచి అదే స్థాయిలో అందుకున్నాడు. పక్కన ఎవరో వింటున్నారని అర్థమైంది.

వంటగదిలోకి వెళ్లి స్పీకర్ పెట్టి, మాట్లాడొద్దని ఆవిడకు సైగ చేశాను. గిన్నె పక్కన పెట్టి, తన తమ్ముడు నన్ను అరెస్టు చేస్తానని బెదిరించడం చివరిదాకా వింది. లైను తెగిపోయింది.

"జలుబు గిట్ల లేదు సార్. గొంతు మంచిగనే ఉంది," అని ఆవిడ మళ్లీ గిన్నె అందుకుంది.