మల్లయ్య కాలికి నేను కట్టిన కట్టు

మాది నారాయణపేటలో నేత కుటుంబం. పంతొమ్మిది వందల అరవైల మొదట్లో నాకు సర్వే ఉద్యోగం దొరికింది. అమ్రాబాద్ అడవికి పంపేముందు మాకు ప్రథమ చికిత్స నేర్పారు. నెత్తురు ఆగకపోతే గాయానికి పైన బిగించి కట్టాలి, పావుగంటకోసారి వదులు చేయాలి, లేకుంటే నెత్తురాడక కింది భాగం చచ్చుబడుతుంది అన్నారు. నా కట్టే అందరికంటే గట్టిదని మెచ్చుకున్నారు కూడా.

నెల తిరక్కముందే ఒకరోజు పొద్దున, మాకు దారి కోసం పొదలు నరికే మల్లయ్య పిక్క మీద గొడ్డలి పడింది. నా తువ్వాలతో మోకాలి పైన బిగించాను. నెత్తురు ఆగింది. ఎడ్లబండిలో దవాఖానకు బయల్దేరాం.

పావుగంటకు విప్పబోతే ముడి ఊడలేదు. మగ్గం మీద తెగిన పోగులకు వేసే ముడి అది. ఆ కంగారులో అలవాటు కొద్దీ నా చేతులు అదే వేశాయి. లాగినకొద్దీ బిగుస్తుందే తప్ప విడదు. కోసేద్దామంటే, నెత్తురు మళ్లీ ఆగదేమోనని భయం.

"కాలు మొద్దుబారుతాంది సారూ, జర ఇప్పరాదుండ్రి" అన్నాడు మల్లయ్య.

"దవాఖాన రానీ మల్లయ్యా, ఇప్పుత" అన్నాను.

చేరేసరికి పొద్దు గూకింది. మల్లయ్య బతికాడు. కాలు తీసేశారు.

చూడటానికి వెళితే నా చెయ్యి పట్టుకొని, "మీ కట్టే నన్ను బతికిచ్చింది సారూ" అన్నాడు.

నేను తల ఊపాను. అతను బతికున్నన్నాళ్లూ ముడి సంగతి చెప్పలేదు. మీకే చెబుతున్నాను.