పొద్దుటి చేతులు

మా కోటబొమ్మాళి పిన్నికి కీళ్లవాతం. తెల్లారి లేచాక చాలాసేపు గుప్పిట మూస్తూ తెరుస్తూ కూర్చునేది. సాయంత్రం గేదె పాలు చకచకా పితికే మనిషి, పొద్దున మాత్రం పొదుగు పట్టలేకపోయేది.

"ఏటే, సాయంత్రం పనిసేసే సేతులు పొద్దున్నేటయిపోతాయి?" అని వాళ్ల అత్తగారు రోజూ దెప్పేది.

నర్సింగు క్లాసులో దానికి కారణం విన్నరోజే ఆనందం పట్టలేక బస్సెక్కేశాను. సాయంత్రం నేను వెళ్లేసరికి పిన్ని పాలు పితుకుతోంది. వాపును అణిచే హార్మోను రాత్రిపూట ఒంట్లో తగ్గిపోతుందనీ, అందుకే తెల్లారేసరికి కీళ్లు బిగుసుకుంటాయనీ, పొద్దెక్కేకొద్దీ సడలుతాయనీ గుక్కతిప్పుకోకుండా చెప్పాను.

పిన్ని చేతులు ఆగాయి. అరుగు మీదున్న అత్తగారివైపు ఓసారి చూసింది.

"మళ్లీ సెప్పవే. ఈసారి గట్టిగా సెప్పు."