మార్గిట్ గారూ, మనుషుల్లేని జట్టూ

మార్గిట్ హలాస్ గారికి ప్రపంచంలో దేన్ని చూపించినా పుట్టే ప్రశ్న ఒక్కటే: "ఒక్కటీ లేకపోతే?"

టొరంటోలో మా కంప్యూటర్ కంపెనీలో నేను చేరేనాటికే ఆవిడ అక్కడ పాతకాపు. హంగరీ నుంచి ఒక చేతిసంచితో వచ్చారట. మనిషి పొట్టి, కళ్లద్దాలు పెద్దవి. ఎవరు ప్రోగ్రాం రాసినా వెనకాల నిలబడి, చక్కగా నడవనిచ్చి, అంతా చప్పట్లు కొట్టబోతుండగా అడిగేవారు.

"బాగుంది నాయనా. లెక్కపెట్టడానికి ఒక్కటీ లేకపోతే?"

అలా నడిపి చూస్తే టక్కున టెర్మినల్ ఆగిపోయేది. చప్పట్లూ ఆగిపోయేవి.

మేం వాడే కంప్యూటర్ భాషలో అంకెల్ని ఒక్కొక్కటిగా పట్టుకోం. వరుసలకు వరుసలే ఎత్తి కూడతాం, తిప్పుతాం, మడతపెడతాం. వెయ్యి అంకెలకైనా ఒక్క అంకెకైనా అదే మాట చెల్లుతుంది. "అంకెలేవీ లేని వరుసకు కూడా చెల్లాలి. అది మాత్రం వరుస కాదా?" అనేది ఆవిడ వాదం.

ఈ జబ్బు ఆఫీసుతో ఆగేది కాదు. స్పడైనా వీధిలో సూప్ తాగుతూ హోటలాయన్ని అడిగారు: "ఇవాళ ఒక్కరూ రాకపోతే ఈ డేగిసా ఏం చేస్తారు?" ఆయన గరిటె పట్టుకుని చాలాసేపు ఆలోచించాడు. ఆ తరవాత మేం వెళ్తే లోపలికి దాక్కునేవాడు.

నా పెళ్లి కబురు చెప్పినప్పుడు కూడా అంతే.

"సంతోషం ఎల్డన్. పెళ్లికి ఎవరూ రాకపోతే?"

"పెళ్లికూతురు వస్తుందండీ!"

"అయితే ఫర్వాలేదు," అని కేకు ముక్క తీసుకున్నారు.

ఆ చలికాలం ఉత్తరాన ఉన్న గని ఊళ్ల ఐస్ హాకీ సంఘం వాళ్లు పట్టిక తయారుచేసే పని మాకిచ్చారు. ఏ జట్టు ఎప్పుడు ఎక్కడ ఆడాలి, ఆటకి సగటున ఎన్ని గోల్స్ కొట్టింది, అంతే. నేను మధ్యాహ్నానికల్లా రాసేసి పంపించాను. మార్గిట్ గారు ఆ వారం సెలవులో ఉన్నారు. అదే నా ధైర్యం.

మర్నాడే డన్‌మోర్ జట్టు కెప్టెన్ రస్ ఫోను చేశాడు.

"ఏమయ్యా, టకెట్ లేక్ జట్టు పట్టికలో మాకంటే పైన ఉందేంటి?"

"బాగా ఆడుంటారు."

"ఎవరాడతారు? గని మూతపడింది, కుర్రాళ్లంతా ఊరు వదిలిపోయారు. ఆ జట్టులో మనిషే లేడు!"

చూద్దును కదా, వాళ్లాడిన ఆటలు సున్నా, కొట్టిన గోల్స్ సున్నా. సగటు కోసం సున్నాని సున్నాతో భాగిస్తే మా భాష 'ఒకటి' అంటుంది. అలా మనుషుల్లేని జట్టు ఆటకో గోల్ కొట్టేసింది. డన్‌మోర్ వాళ్లు మనుషులుండీ ఒక్కటీ కొట్టలేదు.

నేను సిగ్గుపడి, మనుషుల్లేని జట్లన్నిటినీ తీసేయమని ఒక్క ముక్క చేర్చాను. టకెట్ లేక్ మాయమైంది. పీడా పోయింది అనుకున్నాను.

మార్గిట్ గారు సెలవు నుంచి వచ్చిన రోజే మళ్లీ ఫోను మోగింది. ముసలి గొంతు.

"బాబూ, నేను ఓర్విల్‌ని, టకెట్ లేక్ కోచ్‌ని. కాగితంలో మా ఊరు కనబడటం లేదు."

"మీ జట్టులో ఎవరూ లేరు కదండీ."

"నేనున్నాగా."

"మీరు ఆడతారా?"

"మోకాళ్లు ఒప్పుకోవు. జెర్సీలు ఉతికి పెట్టాను. మైదానంలో నీళ్లు పోసి మంచు కట్టించాను. మంచు బాగా కుదిరింది ఈసారి. సరేలే బాబూ, కనుక్కుందామని చేశాను."

ఫోను పెట్టేసరికి మార్గిట్ గారు నా వెనక ఉన్నారు.

"జట్టు లేకపోవడం వేరు ఎల్డన్. జట్టులో మనుషులు లేకపోవడం వేరు."

"ఎలా చూసినా సున్నాయే కదండీ!"

"మీ ఇంట్లో భోజనాల బల్ల ఉంది. ఇవాళ ఎవరూ తినడానికి రాలేదు. బల్లని పొయ్యిలో పెడతావా?"

ఖాళీ వరుసని ఖాళీగానే ఉంచడం ఇంత కష్టమని నాకప్పుడే తెలిసింది. ఏదో ఒకటి ఉందని అబద్ధమాడటం సులువు, అసలు లేదని కొట్టేయడం ఇంకా సులువు. ఆవిడ పక్కన కూర్చుని రెండూ మాన్పించారు. టకెట్ లేక్ పేరు తిరిగొచ్చింది, ఆటల తేదీలు వచ్చాయి. ఆటగాళ్ల చోటు ఖాళీ. సగటు దగ్గర చిన్న అడ్డగీత.

ఆ ఊళ్లో మొదటి ఆట ఉన్న శనివారం నన్ను తన కారులో ఎక్కించుకుని బయల్దేరారు.

"ఎందుకండీ అంత దూరం?"

"మన ప్రోగ్రాం ఎలా నడుస్తుందో చూడొద్దూ?"

మేం వెళ్లేసరికి ఓర్విల్ మైదానం అంచున జెర్సీలు పరిచి, చేతులు చంకల్లో పెట్టుకుని నిలబడి ఉన్నాడు. కాసేపటికి డన్‌మోర్ బస్సు వచ్చింది. దిగుతున్నారు, దిగుతున్నారు, ఇంకా దిగుతూనే ఉన్నారు. బావమరుదులు, పోస్టుమాస్టరు, చర్చి ఫాదరు.

"ఇంతమందేంటి?" అన్నాను రస్‌తో.

"మీ ఆఫీసు నుంచి ఒకావిడ రోజూ ఫోను. 'అవతల ఆడటానికి ఒక్కరూ లేకపోతే?' అంటుంది. ప్రాణం తోడేసిందనుకో! సగంమందిని ఆయనకిస్తాం, ఇంకేం చేస్తాం?"

మార్గిట్ గారు అద్దాలు తుడుచుకుంటున్నారు, మా మాటలు వినబడనట్టు.

ఆట మొదలైంది. ఆ ఏడాది డన్‌మోర్ మనిషి కొట్టిన తొలి గోల్ అక్కడే పడింది. కొట్టినవాడు పోస్టుమాస్టరు, ఒంటి మీద టకెట్ లేక్ జెర్సీ. "మాదే!" అని ఓర్విల్ గెంతాడు, మోకాళ్ల సంగతి మరిచిపోయి. "మావాడే!" అని రస్ అరిచాడు.

తిరుగు ప్రయాణానికి కారు దగ్గరికి వస్తుంటే నాకు దొరికింది ఛాన్సు.

"మరి ఆ బస్సే రాకపోయుంటే?"

ఆవిడ వెళ్లి కారు డిక్కీ తెరిచారు. లోపల రెండు జతల స్కేట్లు. ఒకటి ఆవిడ పాదానికి, ఒకటి నాకు.

"అయ్యో, మీకు స్కేటింగ్ వచ్చా?"

"నాకెక్కడొచ్చు! పడితే లేపడానికేగా నిన్ను తెచ్చింది."